‘భామనే’: చివర ఉన్న ఆ ‘నే’ ఏమిటి?

మా అమ్మాయి చిక్కడపల్లిలో కూచిపూడి నేర్చుకుంటోంది. ఈమధ్యే భామాకలాపం అనే నృత్యనాటకంలో సత్యభామ ప్రవేశ దరువు, అంటే ఆమె రంగం మీదికి వస్తూ పాడే పాట, మొదలుపెట్టారు: ‘భామనే సత్యభామనే’. ఇంటికొచ్చి అడిగింది: “నాన్నా, భామ నేనా? లేక ‘భామనే పిలిచాడు’ అన్నట్టా?”

సబబైన ప్రశ్న. ‘భామనే పిలిచాడు’లో ఉన్నది ద్వితీయా విభక్తి. దరువులోది అది కాదు. భామ + ను + ఏ. ఈ ‘ను’ నేను అనే అర్థాన్నిస్తుంది, ‘ఏ’ దాన్ని నొక్కి చెబుతుంది. తెర మీదుగా జడ వేసి ప్రవేశించే సత్యభామ తనెవరో చెప్పుకునే మాట ఇది.

మనం ఎవరమో చెప్పుకోవడానికి తెలుగులో క్రియ అక్కర్లేదు. పేరుకే ‘ను’, ‘ని’ చేరతాయి. ఎదుటివాళ్లకైతే ‘వు’, ‘వి’. మొన్న మా తాతయ్య ఊరు కూచిపూడి వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చున్న ఓ పెద్దావిడ “ఎవరమ్మాయివే?” అని అడిగింది. పిల్లకు జవాబు తెలుసు, మాటే కుదర్లేదు. “తాతయ్య పేరు చెప్పి, మునిమనవరాలిని అను” అని నేనే అందించాను. ఇక్కడ మా లిఫ్టులో ఎవరైనా అడిగితే “నేను 302” అంటుంది. ఆ ‘ని’ వాడే సందర్భమే తనకు రాలేదు మరి.

మా తాతయ్య కూచిపూడి మేళంలో (నాట్య బృందంలో) భామ వేషం కట్టేవారు. అప్పట్లో ఆడవేషాలన్నీ మగవాళ్లవే. సత్యభామ అనగానే వేదాంతం సత్యనారాయణ శర్మగారినే తలుచుకుంటారు ఇప్పటికీ. తాతయ్యది సవరంతో అల్లిన జడ. మా ఇంట్లో సొంత జడతో ‘భామనే’ అంటున్న మొదటి మనిషి మా అమ్మాయే. అది తలుచుకుంటే గొంతు పట్టేస్తోంది.

మీ వైపు ఇలా ఎలా అడుగుతారు?

జవాబు: మాది జనగామ వైపు అన్నా, ఉండేది ఉప్పల్‌లో. మా దగ్గర “ఎవరి బిడ్డవు?” అంటరు. బతుకమ్మ ఆడేటప్పుడు కొత్త పిల్ల వచ్చి చప్పట్లు కలిపితే పెద్దవాళ్లు మొదలు అడిగేది అదే. “ఫలానా వాళ్ల బిడ్డను” అంటే చాలు, పక్కకు జరిగి జాగా ఇస్తరు.

నా జవాబు: ‘బిడ్డను’ అచ్చం ‘భామను’ లాగే ఉందండీ! మనవరాలు ‘మనవరాలి’గా మారి ఇకారం వచ్చింది కాబట్టి ‘ని’, బిడ్డకూ భామకూ ‘ను’. అమ్మాయికి ఇప్పుడే చదివి వినిపించాను. బతుకమ్మకు ఉప్పల్ వస్తానంటోంది.