జీవాలు కనిపిస్తే చాలు, వెంటపడుతున్న ముధోల్ కుక్కను ఎలా ఆపాలి?

రేగడిచేను:
నారాయణపేట వైపు మాది. ఇల్లు పొలంలోనే. తొమ్మిది నెలల మగ ముధోల్, 20 కిలోలు. మామూలుగా పిలిస్తే వస్తుంది. బాట మీద గొర్రెల మంద కనపడిందంటే మాత్రం గొంతు చించుకున్నా వినదు. ఇంతవరకు పన్ను పెట్టలేదు, మందను చెదరగొట్టింది. ఎండాకాలం మా చేలో మంద పెట్టిస్తాం, ఆలోగా మాన్పించాలి. కొట్టమని కొందరు, షాక్ కాలర్ వేయమని కొందరు అంటున్నారు. ఏది పనిచేస్తుంది?

కంచెపక్క:
రెండూ వద్దు. ముందు చేయాల్సింది, తాడు లేకుండా గేటు దాటనివ్వకపోవడం. ముధోల్ చూపుతో వేటాడే జాతి. దానికి పరుగే బహుమతి, మీరు పెట్టే ఏ ముక్కా దానికి సాటి రాదు. ఒక్కసారి తరిమిందంటే వారం సాధన నీళ్లపాలే. పరుగు అందుకున్నాక పిలిచి లాభం లేదు, పని జరగాల్సింది అంతకు ముందే.

10 మీటర్ల తాడు తీసుకోండి. సన్న నైలాన్ అరచెయ్యి కోసేస్తుంది, నూలు తాడో వెడల్పు పట్టీయో మేలు. మెడపట్టీకి కాకుండా హార్నెస్‌కు, అంటే ఛాతీ చుట్టూ వేసే పట్టీకి కట్టండి. ఈ జాతి మెడ పొడవు, సన్నం. పూర్తి వేగంలో తాడు బిగిస్తే దెబ్బ తగిలేది అక్కడే. తాడును చేతికి చుట్టుకోవద్దు.

ఉడికించిన కోడి కార్జం శనగగింజంత ముక్కలు చేసి జేబులో వేసుకోండి. మంద మేస్తున్నప్పుడు 150 మీటర్ల దూరం నుంచి మొదలు. కుక్కకు మంద కనపడాలి, అయినా మీ చేతిలో ముక్క తినాలి. తినట్లేదంటే దగ్గరికొచ్చేశారు, వెనక్కి వెళ్లండి. మందను చూసి తనంతట తాను మీ వైపు తల తిప్పిన క్షణమే ముక్క పెట్టండి. అది అలవాటయ్యాకే "ఇటు" అనే మాట జోడించండి. మొదటిరోజే అరిస్తే ఆ మాటకు విలువ పోతుంది.

నోరు తెరిచి వగరుస్తున్న కుక్క ఉన్నట్టుండి నోరు మూసి, చెవులు ముందుకు పెట్టి బిగుసుకుందా? మీకున్నది ఒక్క సెకను. లాగొద్దు, తాడు బిగిసేకొద్దీ దానికి ఊపు పెరుగుతుంది. మీరే అటు తిరిగి నడవండి, అది కదలగానే ముక్క. పూటకు పది నిమిషాలు చాలు, రోజుకు రెండు పూటలు. పదిసార్లలో ఎనిమిదిసార్లు తల తిప్పితే 10 మీటర్లు దగ్గరికి జరగండి. కదిలే మందతో మొదలుపెట్టే రోజు మాత్రం దూరం రెట్టింపు చేయాలి. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే: నిలబడ్డ గొర్రెల దగ్గర బుద్ధిగా ఉందని తాడు వదిలేస్తారు. గంతులేసే గొర్రెపిల్లలు అన్నిటికంటే కష్టం, వాటిని చివరికి ఉంచండి.

పొట్టేలుగట్టు:
షాక్ గురించి ఒక మాట. కుక్కకు నొప్పి పుట్టిన క్షణంలో ఎదురుగా కాపరో, చిన్న పిల్లాడో ఉంటే నొప్పికి కారణం వాళ్లే అనుకుంటుంది. తర్వాత భయంతో వాళ్ల మీదికి పోతుంది. తరిమి తిరిగొచ్చాక కొడితే, తిరిగి రావడం తప్పని నేర్చుకుంటుంది. పొట్టేలుతో దొడ్లో వేసి బుద్ధి చెప్పించమనే వాళ్లూ ఉంటారు. పక్కటెముకలు విరగొచ్చు, లేదా కుక్క తిరగబడి పొట్టేలుకే గాయం చేయొచ్చు.

రేగడిచేను:
థాంక్స్ అన్నా. మరి రాత్రిళ్లు మంద చేలోనే పడుకుంటుంది కదా. మూతికి బుట్ట వేసి వదలొచ్చా?

మందకాపరి:
వదలొద్దు. బుట్ట కరవకుండా ఆపుతుంది, ఉరకకుండా ఆపదు. చూడి గొర్రెలు బెదిరి పరుగెత్తితే ఈసుకుపోతాయి, అంటే కడుపు పోతుంది. పైగా కాపరుల కుక్కలు మీదాన్ని ఊరికే వదలవు. అవి పాలు మరిచిన నాటి నుంచి మందలోనే పెరిగినవి, తొమ్మిది నెలల్లో తెచ్చి కలిపితే ఆ పొత్తు కుదరదు. మంద ఉన్నన్ని రాత్రులు మీ కుక్కను లోపల కట్టేయండి. ఊళ్లోని ఇంకో కుక్కతో జతగా అసలు తిప్పొద్దు, రెండు కలిస్తే ఒకదాన్ని చూసి ఇంకొకటి రెచ్చిపోతుంది.

ఎవరూ చెప్పనిది ఇంకోటి. మంద దిగే ముందే నులిపురుగుల మందు వేయించండి. బద్దె పురుగుకు ప్రాజిక్వాంటెల్ కిలోకు 5 మి.గ్రా., అంటే మీదానికి 100. పురుగు గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడితే, అది మేసిన గొర్రె మెదడులో నీటి బుడగ పెరిగి ఒకే పక్కకు తిరుగుతూ ఉంటుంది. మందు వేశాక మూడు రోజులు మలం పారతో ఎత్తి గోతిలో పూడ్చండి. కోసిన గొర్రె తలకాయ పచ్చిగా కుక్కకు వేయొద్దు, పురుగు దానికి పట్టేది అక్కడినుంచే.

రేబిస్ టీకా కార్డు దగ్గర పెట్టుకోండి. పొరపాటున పన్ను దిగితే ఆ జీవాన్ని పట్టి బొచ్చు కత్తిరించి చూడాలి, దక్కనీ గొర్రెకు ఉన్ని కింద గాటు కనపడదు. సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు పశువుల డాక్టరుకు చూపించండి. గాయానికి కుట్లు వేయాలా వద్దా అన్నది ఆయనకే వదిలేయండి. ఈగలు వాలకుండా మాత్రం చూసుకోండి, లేకపోతే పురుగు పడుతుంది.