రిచర్డ్ పియర్స్ రైట్ సోదరుల కంటే ముందే ఎగిరారా?

ప్రశ్న:
న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, టెముకా పట్టణానికి దగ్గరలోని వైటోహిలో వ్యవసాయం చేసుకునే రిచర్డ్ పియర్స్ అనే వ్యక్తి 1903 మార్చి 31న, అంటే రైట్ సోదరుల కంటే దాదాపు తొమ్మిది నెలల ముందే, సొంతంగా తయారు చేసుకున్న విమానంలో ఎగిరారని చదివాను. కొందరు దీన్ని రుజువైన చరిత్రగా రాస్తుంటే మరికొందరు కట్టుకథ అని కొట్టిపారేస్తున్నారు. ఆ యంత్రం ఎలా ఉండేది? దాని గురించి ఆయన స్వయంగా ఏమన్నారు?

మొదటి జవాబు:
ఎవరు ముందన్న వాదనలో పడి ఆ యంత్రాన్ని ఎవరూ సరిగా పట్టించుకోవడం లేదన్నది నా బాధ. వెదురు, ఉక్కు గొట్టాలతో చట్రం కట్టి గుడ్డ బిగించిన ఒంటి వరుస రెక్క, ముందువైపు ప్రొపెల్లర్, కింద మూడు చక్రాలు ఉండేవి. రైట్ సోదరుల 1903 విమానానికి చక్రాలే లేవు, అది పట్టా మీద పరుగెత్తి లేచేది. ఇంజిన్ కూడా పియర్స్ తయారు చేసుకున్నదే. అందులో ఎదురెదురుగా అడ్డంగా అమర్చిన సిలిండర్లు రెండే అయినా, ప్రతి పిస్టన్‌కూ రెండు వైపులా ఇంధనం మండే ఏర్పాటు చేయడం వల్ల ఆ రెండూ నాలుగింటి పని చేసేవి. 1906లో ఆయన దరఖాస్తు చేసిన పేటెంటులో, విమానం పక్కకు ఒరిగిపోకుండా సరిదిద్దేందుకు రెక్కలకు కదిలే పలకలు కూడా ఉన్నాయి. ఇంజినీరింగ్ చదువు లేని రైతు ఒంటరిగా ఇంత దూరం ఆలోచించడం నాకు అపురూపంగా అనిపిస్తుంది.

రెండవ జవాబు:
1903 నాటి తేదీకి ఆధారం ప్రత్యక్ష సాక్షుల జ్ఞాపకాలే. యంత్రం కొంత దూరం గాలిలో సాగి ఎత్తైన ముళ్ళపొదల కంచె మీద పడిందని వారు చెప్పారు. కానీ ఆ జ్ఞాపకాలు సేకరించేనాటికి దశాబ్దాలు గడిచాయి. ఇక పియర్స్ 1915లోనూ 1928లోనూ పత్రికలకు లేఖలు రాశారు. తాను ఎగిరే యంత్రం పనిని చేపట్టినదే 1904 ప్రాంతంలో అనీ, ఇంజిన్‌తో విజయవంతంగా ఎగిరిన తొలి ఘనత రైట్ సోదరులదేననీ వాటిలో ఆయన స్పష్టంగా ఒప్పుకున్నారు. గంటకు 20 మైళ్ళ వేగం అందుకోగానే యంత్రం నేలను వదిలేదనీ, కానీ ఆ వేగానికి చుక్కానులు పనిచేయక అడ్డంగా తిరిగిపోయేదనీ, కాబట్టి మొదటి యంత్రంతో తాను ఎగరలేదనీ రాశారు. ఆయన కోరుకోని కిరీటాన్ని ఆయన తలకెత్తడం న్యాయం కాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. నేలను వదిలిన తర్వాత కూడా చుక్కానులు పనిచేయకపోవడానికి కారణం ఏమిటి?

మూడవ జవాబు:
చుక్కాని మీద గాలి చూపే బలం వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. పియర్స్ రెక్క చాలా పెద్దది కాబట్టి తక్కువ వేగంలోనే బరువును లేపగలిగింది, కానీ అంత పెద్ద యంత్రాన్ని తిప్పడానికి కావలసిన బలం ఆ వేగంలో చుక్కానులకు అందలేదు. నేలను వదలడం ఒకటి, గాలిలో అదుపుతో సాగడం మరొకటి. ఫ్రాన్సులో క్లెమాన్ అదేర్ 1890 అక్టోబరు 9న ఆవిరి యంత్రంతో నడిచే ‘ఎయోల్’లో సుమారు 50 మీటర్లు నేలకు కొద్దిగా పైన సాగారు, అయినా దాన్ని ఎవరూ అదుపులో ఉన్న విమానయానం అనరు. రైట్ సోదరులు 1902లోనే ఇంజిన్ లేని గ్లైడర్‌తో వందల సార్లు ఎగిరి, అదుపు చేయడం నేర్చుకున్న తర్వాతే ఇంజిన్ బిగించారు. అసలు తేడా అక్కడే ఉంది.

రెండవ జవాబు రాసినవారు:
ఒక్క విషయం చేరుస్తాను. పియర్స్ తర్వాత క్రైస్ట్‌చర్చ్‌లో మరో విమానం నిర్మించారు. దాని ప్రొపెల్లర్‌ను పైకి వంచి నిట్టనిలువుగా లేవాలనీ, రెక్కలు మడిచి ఇంటి గ్యారేజీలో పెట్టుకోవాలనీ ఆయన ఉద్దేశం. 1953లో ఆయన మరణించాక వైమానికుడు జార్జ్ బోల్ట్ చొరవతో అది పాడుకాకుండా మిగిలింది. ఇప్పుడది ఆక్లండ్‌లోని రవాణా, సాంకేతిక మ్యూజియంలో ఉంది.