దోస్తు ఇచ్చిన తాడు వయసు అడగొచ్చా?

గుట్టదారి (హైదరాబాద్):

మొన్న ఆదివారం భువనగిరి గుట్ట కింద జరిగిన గొడవ ఇక్కడ పెడుతున్నాను. అది అక్కడితో తెగలేదు, వారమంతా ఫోన్లలో నడుస్తూనే ఉంది.

రాళ్లెక్కే మా గుంపులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి తనకిచ్చిన హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీ, తాడు దీనికే కడతాం) చేతిలో పట్టుకుని "అన్నా, ఇది ఎప్పుడు కొన్నది?" అని అడిగింది. ఇచ్చినాయన మాలో పెద్దవాడు. ఏళ్ల తరబడి అందరికీ సామాను మోసుకొచ్చి ఇస్తున్నది ఆయనే. ముఖం మాడిపోయింది. "నమ్మకం లేకపోతే వేసుకోకమ్మా" అన్నాడు. దిగి వచ్చాక ఇడ్లీ బండి దగ్గర సగం మంది ఆ అమ్మాయినే తప్పు పట్టారు. పైసా తీసుకోకుండా ఇచ్చిన మనిషిని అలా అడుగుతారా అని.

నేనైతే అడగాలనే అంటాను. కారాబినర్ (తాడు తగిలించే, గేటున్న కొక్కెం) లాంటి లోహపు సామాను సంగతి వేరు. ఎన్ని కిలోన్యూటన్ల లాగుడు ఆపుతుందో దాని మీదే చెక్కి ఉంటుంది. గేటు సరిగ్గా మూసుకుంటోందా, తాడు రాసుకున్న చోట గాడి పడిందా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. తాడు, హార్నెస్, స్లింగ్ (పట్టీతో కుట్టిన వలయం) అలా కాదు. అవి నైలాన్ లాంటి పోగులతో అల్లినవి. ఎండకు బలం పోతుంది, గ్రానైట్ గరుకుకు పైతొడుగు రేగుతుంది. అసలు వాడకుండా సంచిలోనే ఉంచినా పదేళ్లు దాటితే పక్కన పెట్టమని తయారుచేసేవాళ్లే చెబుతారు. వాటికి వయసుంటుంది. ఆ వయసు చాలాసార్లు కంటికి కనిపించదు.

నాకు ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్తాను. రెండేళ్ల కిందట బాదామి వెళ్లాం. తాడు నా స్నేహితుడిది, 60 మీటర్లది. రూట్ 28 మీటర్లు. పైదాకా ఎక్కి, రాతికి బిగించి ఉన్న యాంకర్‌లో తాడు వేసి, "దించు" అని అరిచాను. హాయిగా దిగుతున్నాను. నేల ఇంకో ఐదు మీటర్లు ఉందనగా ఆగిపోయాను. కిందకి చూస్తే బిలే చేస్తున్నవాడు, అంటే కింద నిలబడి నా తాడు పట్టుకునేవాడు, రెండు చేతులతో తాడు బిగించి పట్టుకుని తన నడుము దగ్గరే చూస్తున్నాడు, నా వైపు చూడటం లేదు. వాడి చేతి కింద తాడు జానెడే మిగిలింది. కొసకి ముడి లేదు. ఇంకొక్క బార వదిలి ఉంటే ఆ కొస బిలే పరికరంలోంచి జారిపోయేది, దాంతోపాటు నేనూ. దగ్గర్లో ఉన్న బోల్టుకి స్లింగ్ తగిలించుకుని, పక్క గుంపువాళ్లు ఇంకో తాడు తెచ్చేదాకా అలాగే వేలాడుతూ ఉన్నాను.

తర్వాత తెలిసింది. అంతకు ముందే ఆ తాడు రెండు కొసలూ అరిగితే వాడు కోసేశాడు. కోయడం మంచి పనే, అందరం చేస్తాం. కానీ 60 మీటర్లది 52 అయిందని చెప్పడం మరిచిపోయాడు. 28 పైకి, 28 కిందకి, మొత్తం 56 కావాలి. లెక్క అంతే. ముడి వేయకపోవడం మా ఇద్దరి తప్పు, అది ఒప్పుకుంటాను. కానీ "తాడు ఎంత పొడవుంది, ఎప్పుడైనా కోశావా" అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ ముడి సంగతి దాకా వచ్చేదే కాదు. వాడు నా ప్రాణ స్నేహితుడు. ఇప్పటికీ వాడితోనే ఎక్కుతాను. అప్పటి నుంచి ప్రతిసారీ అడుగుతాను కూడా.

మీ అభిప్రాయాలు చెప్పండి.

పాతకాపు (హైదరాబాద్):

ఆ పెద్దాయన నేనే. దాచడం ఎందుకు.

నేను మొదలుపెట్టిన రోజుల్లో ఈ ఊళ్లో క్లైంబింగ్ షూస్ కావాలంటే ఎవరైనా విదేశం నుంచి తేవాల్సిందే. బడి పిల్లల తెల్ల కాన్వాస్ బూట్లతో ఎక్కాను. నా మొదటి హార్నెస్ ఒకాయన ఇచ్చాడు. అది ఎవరిదని, ఎప్పటిదని నేను అడగలేదు. ఆయన ముడి చూసి, బకిల్ రెండుసార్లు లాగి, "ఎక్కు" అన్నాడు. ఆ "ఎక్కు" అన్న మాట మీదే ఇన్నేళ్లు ఎక్కాను.

ఇప్పుడు 60 మీటర్ల మంచి తాడు పదిహేను వేలకి అటూ ఇటూ ఉంది. షూస్, హార్నెస్, హెల్మెట్ కలిపితే ఒక కుర్రాడి నెల జీతం. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు మీద నిలబడ్డారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు, ఇదే భువనగిరి రాయి మీద నేర్చుకున్నవాళ్లు. వాళ్లేమైనా హార్నెస్ కొనుక్కుని వచ్చారా? ఎవరో ఒకరు ఇస్తేనే కదా పేదింటి పిల్ల కొండ ఎక్కేది. ఈ ప్రశ్నలతో ఇచ్చే చేతులు ముడుచుకుపోతే నష్టపోయేది ఎవరు? సొంతంగా కొనుక్కోగలిగినవాళ్లు మాత్రం కాదు.

ఇంకో మాట. నన్ను బాధపెట్టింది ప్రశ్న కాదు, నలుగురిలో అడగడం.

రామనగర ఆదివారం (బెంగళూరు):

పాతకాపు గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. వాడిన తాడు, వాడిన హార్నెస్ ఇవ్వనూ కూడదు, తీసుకోనూ కూడదు. అంతే. షూస్ ఇవ్వండి, హెల్మెట్ దెబ్బ తగలనిదైతే ఇవ్వండి, కారాబినర్లు ఇవ్వండి. ఒంటిని మోసే గుడ్డ సామాను మాత్రం వద్దు.

టాడ్ స్కిన్నర్ అంటే ప్రపంచంలోనే పేరున్న క్లైంబర్. 2006 అక్టోబరులో యోసెమిటీలో లీనింగ్ టవర్ మీద రాపెల్ చేస్తుండగా (తాడు మీద కిందకి దిగుతుండగా) హార్నెస్ బిలే లూప్, అంటే పరికరం తగిలించే ముందువైపు గుడ్డ వలయం, తెగి చనిపోయాడు. అరిగిన లూపు అది. అంతటి మనిషికే అలా అయితే, మనం వారానికోసారి ఎక్కేవాళ్లం. డబ్బు సంగతి అంటారా, మా రామనగర గుంపులో నెలకింత అని వాటాలు వేసి కొత్తవాళ్ల కోసం రెండు కొత్త హార్నెస్‌లు కొన్నాం. వాటి పుట్టిన తేదీ అందరికీ తెలుసు. మీరూ చేయొచ్చు కదా?

గుట్టదారి:

వాటాల పద్ధతి బాగుంది, మేమూ మొదలుపెడతాం. కానీ స్కిన్నర్ సంగతి మీ వాదానికి సాయం చేయదు. ఆ హార్నెస్ ఎవరో ఇచ్చింది కాదు, ఆయనదే. లూపు అరిగిందని ఆయనకీ తెలుసు, తోటివాడు చెప్పాడు, కొత్తది ఆర్డర్ కూడా పెట్టాడు. అది వచ్చేలోపు పాతదానితోనే ఎక్కాడు. సొంతదైతే భద్రం, వేరేవాళ్లదైతే ప్రమాదం అన్న గీత ఇక్కడ నిలబడదు. తోటివాడు చూసి చెప్పాడు చూడండి, ఆ చెప్పడమే నేను అడిగేది. దాన్ని విని వెంటనే పక్కన పడేసే అలవాటు కూడా ఉండాలి.

నైలాన్ (విశాఖపట్నం):

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. తాడు ఎక్కడ నిద్రపోతుందో అడగండి.

మన ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీ మెట్ల కిందో, బాల్కనీ మూలో ఉంటుంది. తాడు సంచి కూడా సరిగ్గా అక్కడే పెడతాం, ఖాళీ చోటు అదే కాబట్టి. బ్యాటరీ యాసిడ్ నైలాన్‌ని తినేస్తుంది. తొట్టిలోంచి కారక్కర్లేదు, కొద్దిగా తగిలినా చాలు. మచ్చ కూడా పడకపోవచ్చు. తాడు చూడటానికి కొత్తదిలాగే ఉంటుంది, పడినప్పుడు మాత్రం ఆపదు. కారు డిక్కీలో బ్యాటరీ పెట్టి తీసుకెళ్లాక అదే డిక్కీలో తాడు వేసుకోవడం కూడా ఇంతే. నేను చూసిన ఒక ఇంట్లో తాడు ఉతికి మేడ మీద దండెం మీద మూడు రోజులు ఆరేశారు, మే నెలలో. బట్టల సోడా కూడా వేశారు. ప్రేమతోనే చేశారు పాపం. తాడుని గోరువెచ్చని నీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టాలి, బ్లీచింగ్ దగ్గరికి రానివ్వకూడదు.

చేత్తో చూసే పద్ధతి అందరికీ నేర్పండి. ఒక కొస నుంచి మొదలుపెట్టి మూరెడు మూరెడు వేళ్ల మధ్య నుంచి లాగుతూ, ప్రతిచోటా వంచి చూడాలి. మంచి తాడు గుండ్రంగా వంగుతుంది. పేపర్ స్ట్రాలాగా చదునుగా నలిగి మడత పడితే లోపలి పోగులు దెబ్బతిన్నట్టే. 60 మీటర్లు చూడటానికి అరగంట పడుతుంది, చేతులు నల్లబడతాయి. కానీ యాసిడ్ తగిలింది దీనితో బయటపడదు. అది అడిగితేనే తెలుస్తుంది. అందుకే నేను గుట్టదారి వైపు.

ఇంకొకటి: రాపెల్లింగ్‌కి వాడే స్టాటిక్ తాడు కూడా చేతులు మారుతోంది. అది పెద్దగా సాగదు. దాన్ని సాగే డైనమిక్ తాడు అనుకుని లీడ్ చేసి (పైనుంచి తాడు లేకుండా ముందుగా ఎక్కి) పడితే ఆ కుదుపు మొత్తం నడుమే మోయాలి. పక్కపక్కన పెట్టినా కొత్తవాళ్లు తేడా పట్టలేరు.

తొలిమెట్టు (హైదరాబాద్):

అడిగిన అమ్మాయిని నేనే. అన్నా, మీరు ఇది చదువుతున్నందుకు సంతోషం.

నలుగురిలో అడిగానన్నారు. నలుగురిలోనే ఇచ్చారు అన్నా. అందరూ అప్పటికే కట్టుకుని నిలబడ్డారు, నేనొక్కదాన్నే మిగిలాను. పక్కకి పిలిచి అడిగే ధైర్యం నాకు లేదు. మీతో అది నా రెండో ఆదివారం.

ఎందుకు అడిగానంటే, లోపల కుట్టిన లేబుల్ మీద అక్షరం కూడా మిగల్లేదు. బిలే లూప్ అంచున తెల్లగా నూగు లేచి ఉంది. అది మామూలేనా, ప్రమాదమా నాకు తెలియదు. తెలియకే అడిగాను. నమ్మకం లేక కాదు.

తర్వాత వేసుకునే ఎక్కాను. నాలుగు సార్లు ఎక్కాను. నాలుగు సార్లూ నా ధ్యాస రాయి మీద లేదు, నడుము మీదే. కాలు ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు. మీరు కింద నుంచి "బాగా ఎక్కుతున్నావమ్మా" అన్నారు. ఆ మాటకి ఏడుపొచ్చింది. ఇంటికెళ్లి మా అమ్మకి అంతా బాగా జరిగిందని చెప్పాను.

రామనగర ఆదివారం:

అమ్మా, నూగు లేచిన బిలే లూప్ మామూలు కాదు. నువ్వు అడిగింది సరైన ప్రశ్న.

గుట్టదారి గారూ, తాడుకొక పుస్తకం పెట్టి కొన్న తేదీ, పడినవి, కోసినవి రాయాలని మీ గుంపులో అనుకుంటున్నారని విన్నాను. మా అనుభవం చెప్తాను: మూడు నెలలు రాశారు, తర్వాత ఎవరూ రాయలేదు. రాయని పుస్తకం ఉందన్న ధీమా, పుస్తకం లేకపోవడం కన్నా చెడ్డది. నా మాట మారదు. కొత్తవాళ్లకి కొత్తదే.

పాతకాపు:

నిన్న రాత్రి సంచి మొత్తం హాల్లో గుమ్మరించాను. మా ఆవిడ లైటు పట్టుకుంది.

ఆ హార్నెస్ ఎప్పుడు కొన్నానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. మా అబ్బాయి ఇంటర్‌లో ఉన్నప్పుడు. వాడికిప్పుడు పెళ్లయింది. కత్తెర తీసుకుని లూప్ కోసేశాను, మళ్లీ ఎవరి చేతికీ వెళ్లకుండా. రెండు స్లింగులు కూడా కోశాను. తాడు మేడ మీదకి తీసుకెళ్లి టేపుతో కొలిచాను. ఇన్నాళ్లూ 50 మీటర్లని చెప్పి ఇస్తున్నది 47 ఉంది. రెండుసార్లు కోసింది నేనే. ఒకసారి కోసింది మరిచిపోయాను. బాదామి సంగతి చదివాక ఆ అంకె చూస్తే నిద్ర పట్టలేదు.

ఇవ్వడం మాత్రం మాననమ్మా. ఇచ్చేటప్పుడు తేదీ, పొడవు నేనే ముందుగా చెప్తాను, నువ్వు అడగనక్కర్లేకుండా. బెంగళూరు తమ్ముడు చెప్పినట్టు ఒక కొత్త హార్నెస్ నా వాటాతో కొంటున్నాను. నీ నడుము కొలత పంపు.

ఈ ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి ఉప్పల్ దగ్గర కలుద్దాం. కిందటిసారి ఎక్కిన వైపు తేనెతుట్టె ఉంది, అటు వద్దు.

నైలాన్:

అన్నా, ఆ 47 మీటర్ల తాడు రెండు కొసలూ సమానంగానే కోశారా? లేకపోతే మధ్య గుర్తు ఇప్పుడు మధ్యలో ఉండదు. ఆ గుర్తు చూసి రాపెల్ వేస్తే ఒక కొస నేలకి అందదు.

పాతకాపు:

సమానంగా కోయలేదు. మంచి మాట అడిగావు. గుర్తు వేసే పెన్ను నా దగ్గర లేదు, ఎవరి దగ్గరైనా ఉంటే ఆదివారం తీసుకురండి. ఎక్కే ముందే అందరం కలిసి కొలిచి వేద్దాం.