ఆర్సీలో నామినీ ఉంటే బండి వాళ్ళదేనా? మరి బోటు సంగతేంటి?

గోదారిగట్టు:
మా మామయ్య ఈమధ్య కాలం చేశారు. ఆయన పేరున ఒక కారు, ఒక బైకు, కాకినాడలో ఒక మోటారు బోటు ఉన్నాయి. వీలునామా రాయలేదు. కారు ఆర్సీలో మాత్రం అత్తయ్యను నామినీగా పెట్టారు. కోర్టు మెట్లెక్కకుండా ఇవన్నీ పేరు మార్చుకోవచ్చా?

పాతబండి:
కారుకు టెన్షనే లేదు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మార్చి, ఆర్సీలో నామినీని రాసుకునే వీలిచ్చారు. చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి, పేరు మార్పు కోసం మూడు నెలల్లో ఫారం 31 పెట్టాలి. మరణ ధ్రువపత్రం, ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాలు ఉంచుకోండి. లోను ఉంటే ఫైనాన్స్ వాళ్ళ సమ్మతి తీసుకోవాలి. బైకుకు నామినీ లేరు కాబట్టి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం అడుగుతారు. ప్రొబేట్ అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ధ్రువీకరించడం. మీకు వీలునామాయే లేదు, ఆ మాటే రాదు. కారు మీ అత్తయ్యదే.

న్యాయపీఠం:
చివరి మాట ఒప్పుకోను. నామినీ అంటే చేతికి తీసుకునే మనిషి మాత్రమే, సొంతదారు కాదు. 1984లో సర్బతీ దేవి కేసులో ఎల్ఐసీ డబ్బు గురించి, 2023 డిసెంబరులో కంపెనీ షేర్ల గురించి సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆర్సీ మారినంత మాత్రాన వారసత్వం తేలిపోదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్ళు, చనిపోయినాయన తల్లి అందరికీ సమాన వాటా ఉంటుంది.

పాతబండి:
మీరు చెప్పిన రెండూ పాలసీ, షేర్ల కేసులు. బండి మీద వచ్చిన తీర్పు ఒక్కటి చూపించండి.

న్యాయపీఠం:
సూత్రం ఒకటే అయినప్పుడు బండికి వేరే తీర్పెందుకు?

పాతబండి:
సూత్రాలు కాదు సార్, తీర్పు అడిగాను.

రింగురోడ్డు:
మా ఊళ్ళో తాళం ఎవరి దగ్గరుంటే బండి వాళ్ళది.

ఏలూరువాసి:
ఈ గొడవలో పడి ఆలస్యం మాత్రం చేయొద్దు. మా బాబాయి పోయాక ఆయన బండి పేరు మార్చకుండా ఇంట్లో అందరూ నడిపారు. యాక్సిడెంట్ అయ్యింది. నోటీసులు పిన్నికి వచ్చాయి. యజమాని పోయిన తర్వాత మామూలుగా ఆ బండి ఇన్సూరెన్స్ పాలసీ మూడు నెలలు, లేదా గడువు తీరేదాకా, ఏది ముందైతే అప్పటివరకే చెల్లుతుంది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. పిన్ని ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతోంది.

ఉప్పాడ ఆడపడుచు:
అందరూ కారు గురించే. బోటు గురించి ఒక్కరూ మాట్లాడరేం? అది ఆర్టీఓ చేతిలో ఉండదు, మత్స్యశాఖ దగ్గర రిజిస్ట్రేషను, లైసెన్సు ఉంటాయి. అవి ఉంటేనే డీజిల్ సబ్సిడీ. మా నాన్న పోయాక "రిజిస్ట్రేషన్ కోసమే అక్కా, సంతకం పెట్టు" అన్నాడు తమ్ముడు. పెట్టాను. అది నిరభ్యంతర పత్రమట. ఇప్పుడు వాటా అడిగితే పండక్కి కూడా పిలవడం లేదు.

సరంగు కొడుకు:
అక్కా, కోపం వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్. ఆ 61 రోజులు ఇంజను రిపేరు, వలలు, అప్పులవాళ్ళు, అన్నీ ఎవరి నెత్తిన? సముద్రంలోకి వెళ్ళేవాడికి బోటు ఇవ్వకపోతే ఎవరికిస్తారు? నీకు పెళ్ళిలో కట్నం ఇచ్చే ఉంటారు.

ఉప్పాడ ఆడపడుచు:
కట్నం నా చేతికి రాలేదు, మా అత్తగారి చేతికి పోయింది. ఆ బోటు కొన్నప్పుడు అమ్మ నగలు తాకట్టు పెట్టారు. నేను చేపలు ఎండబెట్టి అమ్మిన డబ్బు కూడా ఆ ఇంజనులోనే ఉంది. బోటు నడపమని తమ్ముడికి నేనే చెప్తాను. నాకేమీ లేదనడానికి వాడెవడు?

సరంగు కొడుకు:
అయితే నీకు బోటు అక్కర్లేదు, వాటా డబ్బు కావాలి. ఆ మాట ముందే చెప్పొచ్చుగా.

ఉప్పాడ ఆడపడుచు:
మొదటి రోజు నుంచీ చెప్తున్నాను. వినేవాళ్ళు లేరు.

న్యాయపీఠం:
ఇదీ అసలు గొడవ. కట్నం ఇచ్చారని చట్టం కూతురి వాటా తగ్గించదు. బోటుకు ధర కట్టించి, దాని మీదున్న అప్పు తీసేసి, మిగిలినదాన్ని వాటాలు వేయండి. వేటకు వెళ్ళేవాడు మిగతావాళ్ళకు డబ్బు ఇచ్చి, ఆ మొత్తం రాసిన హక్కు విడుదల పత్రం మీద సంతకాలు తీసుకుని, తర్వాత తన పేరుకు మార్చుకోవాలి. చనిపోయినాయన వ్యాపారంలో తన వాటాను ఒక వారసుడు అమ్మదలిస్తే, కొనే మొదటి హక్కు మిగతా వారసులదే. హిందూ వారసత్వ చట్టంలో 22వ సెక్షన్ చూడండి. మీ సంతకం సంగతి, ఆ కాగితంలో ఏం రాసి ఉందో ముందు నకలు తీసుకుని లాయరుకు చూపించండమ్మా. పేరు మార్పుకు అభ్యంతరం లేదనడం వేరు, వాటా వదులుకోవడం వేరు.

పాతబండి:
బోటుకు ఇది సరే. కారు విషయంలో నా మాట నాదే.

గోదారిగట్టు:
మామయ్య వాళ్ళమ్మ ఉన్నారు, 80 దాటాయి. ఇప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఆవిడను ఏమీ అడగలేదు. బోటు ధర కట్టించే ముందు ఆవిడతో కూడా మాట్లాడమని అత్తయ్యకు ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.