గోడవార కలుపు: ఏది ఉంచాలి, ఏది పీకాలి?

కిటికీ పక్క కుర్చీ:
మాది అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాటు. కాంపౌండ్ గోడకీ మా కిటికీకీ మధ్య నాలుగడుగుల వెడల్పున, ఇరవై అడుగుల పొడవున మట్టి ఉంది. ఎనిమిదేళ్లుగా అక్కడ గులాబీలు పెంచుతున్నాను. ప్రతి ఆదివారం ఒక్క గడ్డిపోచ మిగలకుండా గీకేసేదాన్ని. ఈమధ్య మెట్ల మీద జారి కాలు విరిగింది. రెండు నెలలుగా సిమెంటు కట్టుతో కిటికీ దగ్గరే ఉన్నాను.

ఈలోగా మట్టి కనబడకుండా కలుపు కమ్మేసింది. మొదట్లో చూస్తుంటే చేతులు ఆగేవి కావు. వేరే పని లేక చూస్తూ కూర్చున్నాను. ఎండ ఎక్కగానే వేలిగోరంత నీలం సీతాకోకచిలుకలు వస్తున్నాయి. నా గులాబీల వంక కన్నెత్తి చూడవు. నేలకి జానెడు ఎత్తులోనే తిరిగి, మూడేసి ఆకులుండే ఒక చిన్న మొక్క మీద వాలతాయి. తోక వంచి ఆకు అడుగున ఏదో పెట్టి, లేచి పక్క ఆకు మీదికి పోతాయి. చీకటి పడేసరికి ఆ మొక్క గొడుగు ముడిచినట్టు ఆకులన్నీ కిందికి వాల్చేస్తుంది. దాన్ని ఎన్ని వందలు పీకి ఉంటానో! అది నిద్రపోతుందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

సమస్యేంటంటే, వచ్చే ఆదివారం అసోసియేషన్ వాళ్లు కలుపు మందు కొట్టిస్తారట. పాములు, దోమలు, పైగా చూడ్డానికి అసహ్యం అంటున్నారు. గరిక, గడ్డిచామంతి, ఉత్తరేణి నేను గుర్తుపట్టగలను. గోడ పగుల్లో ఒక జిల్లేడు, ఇంకా క్యారెట్ ఆకులాంటి ఆకులతో సన్నటి తెల్లపూల మొక్కలు నాలుగైదు ఉన్నాయి. ఏం చేయమంటారు?

మట్టిచెయ్యి:
మీరు చెప్పే ఆ మూడేసి ఆకుల మొక్క పులిచింత అండీ. నీలి సీతాకోకచిలుకల్లో ఒక రకానికి పిల్లల్ని పెంచుకునే చోటు అదే. ఆకు తిప్పి చూడండి, గుండుసూది తలకన్నా చిన్న తెల్లటి గుడ్లుంటాయి. పురుగు కూడా ఆకు రంగులోనే ఉంటుంది కాబట్టి కనబడటం కష్టం. ఆకుల మీద గీకినట్టు తెల్ల మచ్చలుంటే అక్కడ వెతకండి. కాయలు ముదిరాక మాత్రం జాగ్రత్త, వేలు తగిలితే చాలు, పేలి గింజలు చిమ్ముతాయి.

గడ్డిచామంతిని కూడా కదపకండి. నీళ్లు లేకపోయినా పూస్తూనే ఉంటుంది, సీతాకోకచిలుకలు తేనె కోసం దాని చుట్టూనే ఉంటాయి. ఉత్తరేణి గింజ కట్టకముందే కోసేయండి, లేకపోతే దారిన పోయేవాళ్ల బట్టలన్నిటికీ అంటుకుంటుంది. శత్రువుల సంఖ్య పెంచుకోవడం ఎందుకు?

ఇంకో మాట. గీకిన కొద్దీ కలుపు రావడం మీ తప్పేం కాదు. మట్టిలో నిద్రపోతున్న గింజలు చాలావాటికి తిరగేసినప్పుడు వెలుతురు తగిలి మెలకువ వస్తుంది. అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో కలుపు గింజల్ని 20 సీసాల్లో ఇసుకతో కలిపి పూడ్చాడు. 2021లో ఒక సీసా తవ్వి తీస్తే, 142 ఏళ్ల తర్వాత కూడా కొన్ని మొలిచాయి. మనం ఆదివారం గీకితే దానికో లెక్కా!

ముందు గ్లవ్స్:
అందరూ పువ్వులు, సీతాకోకచిలుకలు అంటున్నారు గానీ, ఆ క్యారెట్ ఆకుల మొక్క వయ్యారిభామ. దాంట్లో జాలి పడాల్సిందేమీ లేదు. నేను ఉత్త చేతులతో పీకి మూడు వారాలు మోచేతుల దాకా దద్దుర్లతో తిరిగాను, రాత్రిళ్లు నిద్ర లేదు. దాని పుప్పొడి కొంతమందికి ఉబ్బసం తెప్పిస్తుంది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. పూత బాగా ఎక్కకముందే గ్లవ్స్, మాస్క్ వేసుకుని, మట్టి తడిసినప్పుడు వేళ్లతో సహా పీకించండి. మీరు ఆ కాలుతో వంగొద్దు.

జిల్లేడు గోడలో ఉంటే గోడని చీలుస్తుంది, తీసేయాల్సిందే. పాలు కంట్లో పడితే ప్రమాదం. కావాలంటే పిల్లలు తిరగని మూల ఒకటి వేసుకోండి, నారింజ రెక్కల సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది. ప్రకృతి ప్రేమ అంటే వచ్చినవన్నీ ఉంచుకోవడం అని నేననుకోను.

రెండో అంతస్తు:
నేను మా అసోసియేషన్‌లో మూడేళ్లు సెక్రటరీగా చేశాను. వాళ్లకి సీతాకోకచిలుకల కథ చెప్తే పని జరగదు. అంచు కత్తిరించండి. నడిచే దారి పక్కన అడుగు వెడల్పున గరికని పొట్టిగా కోయించి, ఇటుకలు వరసగా పేర్పించండి. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ జోన్ నసావర్ 1995లోనే రాశారు, చిందరవందరగా ఉన్నదానికి కూడా శుభ్రమైన అంచు ఉంటే జనం ఒప్పుకుంటారని. మా దగ్గర అదే పనిచేసింది.

దోమలు పగలు గడ్డి నీడన దాక్కుంటాయి, నిజమే. పుట్టేది మాత్రం నిలవ నీళ్లలో. మీ గులాబీ కుండీల కింద ప్లేట్లుంటే వారానికోసారి ఒంపేయండి. పాము భయానికి చెత్తకుప్ప, ఇటుకల గుట్ట లేకుండా చూసుకుంటే సగం భయం పోతుంది. పేర్చే ఇటుకల్ని మట్టిలో సగం పాతించండి, మళ్లీ సందులు మిగలకూడదు. కలుపు మందు గాలికి మీ గులాబీల మీద కూడా పడుతుందని చెప్పండి. గులాబీ అంటే అందరూ వింటారు.

కిటికీ పక్క కుర్చీ:
ఆదివారం అయిపోయింది. మందు కొట్టలేదు. గులాబీల మాటే ఎత్తాను, నిజంగానే విన్నారు. నెల రోజులు గడువిచ్చారు. వయ్యారిభామని మా తమ్ముడు గ్లవ్స్ వేసుకుని పీకి సంచిలో కట్టేశాడు. అంచుకి ఇటుకలు పాతాడు, వరస కాస్త వంకరగా వచ్చింది. జిల్లేడు సగమే వచ్చింది, వేరు గోడలోనే ఉండిపోయింది.

గుడ్లు నాకు కనబడలేదు. భూతద్దం తెచ్చుకుని, కర్ర పట్టుకుని బయటికెళ్లి బల్ల మీద కూర్చుని వంగాను. చెయ్యి ఎక్కడ తగిలిందో, టప్‌మని కాయ పేలి గింజలు ముఖం మీద పడ్డాయి. రెండుమూడు కట్టు సందులోకి కూడా పోయాయి. గురువారం కట్టు విప్పుతారు.