అప్‌డేట్: రెండో లాగుడులో న్యూక్లియోజోమ్ మెట్లు ఎందుకు తగ్గుతున్నాయంటే

ఆప్టికల్ ట్వీజర్స్‌తో (డీఎన్ఏ కొసలకు అంటించిన చిన్న పూసలను లేజర్ కాంతితో పట్టి లాగే పరికరం) 601 సీక్వెన్స్ (హిస్టోన్లు గట్టిగా పట్టుకునే కృత్రిమ డీఎన్ఏ) మీద కట్టిన న్యూక్లియోజోమ్‌ల (హిస్టోన్ ప్రోటీన్ల ముద్దకు చుట్టుకున్న డీఎన్ఏ) వరుసను లాగితే, మొదటిసారి బలం–పొడవు గ్రాఫులో స్పష్టంగా పడిన మెట్లు రెండోసారికి బాగా తగ్గిపోతున్నాయని, బఫర్ చెడిందా అని అడిగాను. బఫర్ కాదు, బలమే కారణం.

ఒక్కో హిస్టోన్ ముద్ద చుట్టూ 147 బేస్ జతల డీఎన్ఏ ఉంటుంది. బయటి చుట్టు 3–5 పికోన్యూటన్ల (బలానికి అతి చిన్న కొలత) దగ్గరే నెమ్మదిగా విడిపోతుంది, గ్రాఫులో పదునైన మెట్టు పడదు. లోపలి చుట్టు మాత్రం సుమారు 15–25 మధ్య ఒక్కసారిగా వదులుతుంది, పొడవు దాదాపు 25 నానోమీటర్లు పెరుగుతుంది. వేగంగా లాగితే అదే చుట్టు ఇంకా ఎక్కువ బలం దగ్గర విడుతుంది. కాబట్టి లాగిన వేగం రాయకుండా బలం అంకె ఒక్కటే ఇస్తే పోల్చడానికి పనికిరాదు.

పూసల మధ్య ఉన్నది ఒకటే డీఎన్ఏ పోగా అని 65 పికోన్యూటన్ల దాకా లాగి చూసే పరీక్షే హిస్టోన్లను ఊడగొడుతోంది. ద్రావణంలో విడి హిస్టోన్లు లేవు, ఊడినవాటి చోట కొత్తవి చేరవు. ఆ పరీక్షను చివరికి జరిపి, మామూలు లాగుళ్లు 30 దగ్గరే ఆపి, పూర్తిగా వదులు చేసి కాసేపు ఆగితే మెట్లు చాలావరకు తిరిగొస్తున్నాయి.

ఫ్లో సెల్‌కు (ప్రయోగం జరిగే గాజు గదికి) కేసీన్ అనే పాల ప్రోటీన్ పూత తప్పనిసరి, లేకపోతే హిస్టోన్లు గాజుకు అంటుకుంటాయి. ఆక్సిజన్ తీసేయడానికి గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమ్ వాడేవాళ్లు బఫర్ తరచూ మార్చండి, ఆమ్లం పేరుకుని పీహెచ్ పడిపోతుంది.