అప్‌డేట్: నాన్నగారి నోటి దుర్వాసనకి కారణం తెలిసింది

రెండు పూటలా బ్రష్ చేసినా, లవంగం నమిలినా నాన్నగారికి నోటి దుర్వాసన పోవట్లేదని అడిగాను కదా. చాలామంది కడుపులో గ్యాస్ అన్నారు. ఒకరు మాత్రం ముందు చిగుళ్లు చూపించమన్నారు. ఆ మాట పట్టుకుని, బెంగళూరులో మారతహళ్లి దగ్గర డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆ సలహా ఇచ్చినవారికి చాలా థాంక్స్.

కారణం నోట్లోనే ఉంది. చిగుళ్లకీ పళ్లకీ మధ్య లోతుగా సందులు పడి గార పేరుకుంది. గాలి తగలని ఆ చోట బ్యాక్టీరియా ప్రోటీన్లని కుళ్లబెట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువులు వదులుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన కూడా దానిదే. నాన్నగారికి షుగర్ ఉంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపు చేయడమూ కష్టమవుతుంది. ఇన్నేళ్లుగా షుగర్ చెకప్‌లకి వెళ్తున్నా ఎవరూ పళ్ల మాట ఎత్తలేదు. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే దయచేసి ఒకసారి చూపించండి.

చిగుళ్ల లోపలి దాకా క్లీనింగ్ చేశారు. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఇచ్చారు. బ్రష్ చేశాక అరగంట ఆగి పుక్కిలించాలి. ఎక్కువకాలం వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, కాబట్టి డాక్టర్ చెప్పినన్నాళ్లే. నాలుక వెనకభాగం కూడా గీసుకోవాలి. రాత్రి వేసుకునే అలర్జీ మాత్ర వల్ల నోరు ఎండిపోతోందట, దాన్ని మార్చమని ఫిజీషియన్‌ని అడగబోతున్నాం.

ఇప్పుడు చిగుళ్ల నుంచి రక్తం రావట్లేదు, వాసన బాగా తగ్గింది. మూడు నెలలకి మళ్లీ సందుల లోతు కొలుస్తారు.